ఆస్పత్రి బిల్లుకు పొలం తాకట్టు పడకుండా: చేరకముందు, చేరాక, బయటికొచ్చాక ఏం చేయాలి

మన ఊళ్ళలో ఎవరి అప్పు కథ విన్నా మూడు మాటలు తగులుతాయి: పెళ్ళి, సేద్యం, ఆస్పత్రి. పెళ్ళికి ముహూర్తం ఉంటుంది, సేద్యానికి కార్తె ఉంటుంది. ఆస్పత్రి ఖర్చు మాత్రం చెప్పి రాదు. రాత్రి పదకొండింటికి నాన్నకు ఛాతీలో నొప్పి అని ఫోన్ వస్తుంది. తెల్లారేసరికి లక్ష రూపాయల డిపాజిట్ కట్టేసి ఉంటారు, అదీ ఎవరో చేబదులు ఇస్తే.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశంలో వైద్యానికి ఖర్చయిన ప్రతి వందలో 64 రూపాయలు జనం జేబులోంచే పోయాయి. 2021-22కి అది 39కి దిగింది. తగ్గిన మాట నిజమే. కానీ ఆ 39 సగటు లెక్క. జబ్బు పడని ఇంటికి అది సున్నా, పడిన ఇంటికి మూడేళ్ళ సంపాదన.

బిల్లు డిశ్చార్జి రోజున తయారవుతుందని మనం అనుకుంటాం, ఆ రోజే కౌంటర్ దగ్గర గొడవ పడతాం. నిజానికి ఏ ఆస్పత్రికి వెళ్ళాం, ఏ కార్డు మీద చేరాం, ఏ గది తీసుకున్నాం అన్న మూడు సంగతులు తేలిన మొదటి గంటలోనే బిల్లు చాలావరకు ఖాయమైపోతుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ గంటకు ముందు చేసుకోవాల్సిన పనుల గురించే.

1. అందరూ బాగున్నప్పుడే కార్డుల లెక్క తేల్చండి

ఒక ఆదివారం సాయంత్రం చాలు. ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, పక్కన ఎవరికి ఏది వర్తిస్తుందో రాయండి.

తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంటాయి. రెండూ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ నుంచి వచ్చినవే. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలున్న పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. ఆంధ్రలో అదే నెలలో 25 లక్షలకు పెంచారు. ఇక్కడ చాలా ఇళ్ళు దెబ్బతినేది పేర్ల దగ్గర. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది, మనవడి పేరు ఎక్కించనే ఉండరు, ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ఈ తప్పులు సరిచేయించడం అయ్యే పని కాదు. మీసేవలోనో సచివాలయంలోనో ఇప్పుడే సరిచేయించండి.

డెబ్భై దాటిన అమ్మానాన్నలుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 2024 అక్టోబరులో మొదలైంది, ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు చాలు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళు ఇద్దరుంటే ఆ 5 లక్షలే ఇద్దరూ పంచుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్ళు కూడా దీన్ని తీసుకోవచ్చు. వివరాలకు 14555కు ఫోన్ చేయండి.

జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ అని కోత పడుతోందేమో చూడండి. నెల జీతం 21 వేలలోపు ఉన్న షాపు గుమాస్తాలు, సెక్యూరిటీ గార్డులు, హోటల్ పనివాళ్ళు చాలామంది తమ వాటాగా ముప్పావు శాతం కడుతూనే ఉంటారు. భార్యాపిల్లలకీ, తమ మీద ఆధారపడిన తల్లిదండ్రులకీ కూడా అందులో వైద్యం ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పరు. కట్టిన డబ్బుకు సేవ తీసుకోకుండా వడ్డీకి తెచ్చి ప్రైవేటులో కట్టడం చూస్తే కడుపు మండుతుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఆభా కార్డు చేయించుకుని, మాకు 5 లక్షల కార్డు ఉందని ధీమాగా ఉండేవాళ్ళున్నారు. ఆభా అంటే మీ రిపోర్టులు ఒకచోట దాచుకునే 14 అంకెల నంబరు, అంతే. దాని మీద రూపాయి వైద్యం రాదు. డబ్బు వచ్చేది ఆయుష్మాన్ కార్డుకు.

ఈ కార్డులన్నీ ఫోటోలు తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. వాటితోపాటు పాత డిశ్చార్జి సమ్మరీలు, రోజూ వేసుకునే మందుల చీటీ, పడని మందుల పేర్లు కూడా ఉండాలి. నిరుడు తీసిన స్కాన్ కాగితం దొరక్క మళ్ళీ స్కాన్ తీయించడం మనకు మామూలైపోయిన ఖర్చు.

2. నెలనెలా కారిపోయే డబ్బు ఆపండి

ఆపరేషన్ ఖర్చు కంటికి కనిపిస్తుంది, షుగరు బీపీ మాత్రల ఖర్చు కనిపించదు. పథకాలన్నీ ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఓపీ ఫీజు, రక్తపరీక్షలు, నెల మందులు మన నెత్తినే. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో నెలకు రెండు మూడు వేలు మందులకే పోతే, పదేళ్ళలో అదెంతో మీరే లెక్కేసుకోండి.

మొదటి పని: డాక్టరుగారిని మందు అసలు పేరు రాయమని అడగండి. బ్రాండు పేరు కాకుండా మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ అని, ఎన్ని మిల్లీగ్రాములో పక్కన. అడగడానికి మొహమాటం అయితే పాత షీటు తిప్పి చూడండి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో అదే ఉంటుంది. ఆ పేరుతో జన ఔషధి కేంద్రానికి వెళ్ళండి. దేశమంతా ఇలాంటివి 15 వేలు దాటాయి, మన జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వాసుపత్రి చుట్టుపక్కల తప్పకుండా కనిపిస్తాయి. బ్రాండెడ్ ధరతో పోలిస్తే సాధారణంగా సగం నుంచి 80 శాతం దాకా తక్కువ. జన ఔషధి సుగమ్ యాప్‌లో దగ్గరి కేంద్రం, ధర రెండూ చూసుకోవచ్చు. అక్కడ ఒక్కోసారి సరుకు ఉండదు, అది నిజం. నెల ఆఖర్లో కాకుండా ఇంకో వారం మాత్రలు మిగిలి ఉండగానే వెళ్ళండి.

అన్ని మందులకూ ఈ మార్పిడి పనికిరాదు. మూర్ఛకి, థైరాయిడ్‌కి, రక్తం పలచబడడానికి, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల్లో కంపెనీ మార్చాలంటే డాక్టరుతో చెప్పే మార్చండి.

షుగరు బీపీ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, హైదరాబాద్ అయితే బస్తీ దవాఖానాలో ఉచితంగానే ఇస్తారు. తెలంగాణలో ప్రభుత్వ దవాఖానా డాక్టరు రాస్తే రక్తపరీక్షలు టీ-డయాగ్నొస్టిక్స్‌లో ఉచితం. మూడు నెలలకోసారి చేయించుకునే షుగరు పరీక్షకు వెయ్యి రూపాయల ప్యాకేజీ కొనక్కర్లేదు. పండగ ఆఫర్ అంటూ వచ్చే ఫుల్ బాడీ చెకప్‌ల జోలికి అసలు పోకండి. అవసరం లేని పరీక్షలో ఏదో ఒక అంకె ఎర్రగా కనబడుతుంది, దాని వెంట ఇంకో నాలుగు పరీక్షలు.

3. బండి ఎక్కేముందు

ఊళ్ళో మొదట చెయ్యి పట్టి చూసేది ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే, ఆ మేలు కాదనలేం. ఇంజెక్షన్ వేసి, ఫలానా ఆస్పత్రికి తీసుకెళ్ళండి, నేను ఫోన్ చేసి చెబుతాను అన్నప్పుడు మాత్రం ఆగండి. పేషెంటును పంపినందుకు కమీషన్ ముట్టే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, ఆ కమీషన్ మీ బిల్లులోంచే వస్తుంది. ప్రైవేటు అంబులెన్సుల్లోనూ ఈ ఆనవాయితీ ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నది మీరే తేల్చుకోండి. అందుకే ముందుగానే గుండెకు, ప్రమాదానికి, కాన్పుకు, పిల్లలకు మీ ప్రాంతంలో కార్డు పనిచేసే ఆస్పత్రులేవో రాసుకుని పెట్టుకోవాలి. 104కు ఫోన్ చేస్తే చెబుతారు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు ఖర్చు గురించి ఆలోచిస్తూ దగ్గరి ఆస్పత్రిని దాటిపోకండి. పాము కాటుకు విరుగుడు మందు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఆంధ్రలో స్టెమీ కార్యక్రమం కింద గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ కూడా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఊరికే ఇస్తున్నారు. బయట దాని ధర వేలల్లో ఉంటుంది. 108 బండికి పైసా ఇవ్వక్కర్లేదు.

తొందర లేని ఆపరేషన్ అయితే ఎంచుకోవడానికి చాలానే ఉన్నాయి. హైదరాబాద్‌లో నిమ్స్, పిల్లలకు నీలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే. విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి. తిరుపతిలో స్విమ్స్. మంగళగిరిలో, బీబీనగర్‌లో ఎయిమ్స్. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లకు కూడా ఫీజు తీసుకోరు. కళ్ళకు ఎల్‌వీ ప్రసాద్‌లో పేదలకు ఉచితం. వీటిలో క్యూ ఉంటుంది, తిప్పుకుంటారు, ఒక మనిషి కూలి పోగొట్టుకుని వెంట ఉండాలి. దారి ఖర్చులూ తిండి ఖర్చులూ కలుపుకున్నా ప్రైవేటు బిల్లుతో పోలిక ఉండదు.

4. అడ్మిషన్ కౌంటర్ దగ్గర

ఈ పని పేషెంటుకు దగ్గరివాళ్ళు చేయకపోవడమే మేలు. కొడుకు ఏడుస్తూ సంతకాలు పెట్టేస్తాడు. కాస్త నిబ్బరంగా ఉండే బాబాయినో, బావగారినో, చదువుకున్న మేనకోడలినో కౌంటర్ దగ్గర నిలబెట్టండి.

మొదట ఆరోగ్యమిత్ర, అంటే ఆస్పత్రిలో పథకం పనులు చూసే మనిషి, ఎక్కడున్నారో కనుక్కోండి. ఆంధ్రలో వైద్యమిత్ర అని కూడా అంటారు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అంటే పథకంతో ఒప్పందం ఉన్న ఆస్పత్రిలో, వాళ్ళకు ఒక కౌంటర్ ఉంటుంది. బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది కదా అని సరిపెట్టుకోకండి. ఒక ఆస్పత్రికి గుండె విభాగంలో అనుమతి ఉండి, ఎముకల విభాగంలో లేకపోవచ్చు. కాబట్టి అడగాల్సింది ఇలా: మా పేషెంటుకు చెప్పిన ఈ చికిత్సకు, మీ ఆస్పత్రిలో, ఇవాళ కార్డు పనిచేస్తుందా? ఇవాళ అని ఎందుకంటే ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేయడం 2025లో రెండు రాష్ట్రాల్లోనూ జరిగింది.

ఒకసారి డబ్బు కట్టే పేషెంటుగా చేరితే తర్వాత పథకంలోకి మారడం కష్టం, కట్టిన సొమ్ము వెనక్కి రావడం ఇంకా కష్టం. ముందు డిపాజిట్ కట్టేయండి, కార్డు సంగతి పొద్దున చూద్దాం అంటే అక్కడికక్కడే 104కు ఫోన్ చేయండి. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. పథకం కింద చేరాక ప్యాకేజీలో ఉన్నదానికి ఆస్పత్రి మీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికెళ్ళాక పది రోజుల మందులు అందులోవే. బయటి నుంచి ఫలానా సామాను తెమ్మంటే చీటీ మీద రాసిమ్మని అడగండి. చాలాసార్లు ఆ మాటతోనే సామాను లోపల దొరుకుతుంది.

కార్డు లేదు, డబ్బు కట్టక తప్పదు అనుకోండి. అప్పుడు కాగితం మీద ఎస్టిమేట్ తీసుకోండి. మొత్తం ఎంత అన్నదొక్కటే కాదు, అందులో ఏవి లేవో కూడా రాయించండి. ప్యాకేజీ లక్షా ఇరవై అంటారు, మందులు, ఇంప్లాంటు, రక్తం, ఐసీయూ రోజులు విడి అని చివర్లో తెలుస్తుంది. ఇంకోటి, గది. సింగిల్ రూమ్ తీసుకుంటే పెరిగేది గది అద్దె ఒక్కటే కాదు. చాలా ఆస్పత్రుల్లో డాక్టరు విజిట్, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ గదిని బట్టి పెరుగుతాయి. అదే డాక్టరు, అదే కత్తి, రేటు వేరు. చూడడానికొచ్చే బంధువుల కోసం గది తీసుకోకండి.

డబ్బు కడితేగానీ చెయ్యి వేయం అంటే? ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వెంటనే చికిత్స అందించడం ప్రతి డాక్టరు బాధ్యత అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ పేరు పలికి వాదించక్కర్లేదు. ముందు ఎమర్జెన్సీలో చూడండి, కాగితాలు మేం చూసుకుంటాం అని గట్టిగా అంటే సరిపోతుంది.

5. లోపల ఉన్న రోజుల్లో

ఏ కార్పొరేట్ ఆస్పత్రిలోనైనా రాత్రి పదింటికి ఫార్మసీ ముందు నిలబడి చూడండి. నర్సమ్మ చీటీ ఇస్తుంది, అటెండెంట్ పరుగెత్తుతాడు, కవరు నిండా సూదులు, సెలైన్లు, గ్లవ్స్, రెండు యాంటీబయాటిక్ వయల్స్ తెచ్చి వార్డులో పెడతాడు. బిల్లు జేబులో కుక్కుకుంటాడు. తెల్లారి డాక్టరు వచ్చి యాంటీబయాటిక్ మారుస్తాడు. రాత్రి తెచ్చిన వయల్స్ వాడలేదు, ఎక్కడికి పోయాయో ఎవరూ అడగరు.

అడగాలి. సీలు తీయని మందులను ఆస్పత్రి ఫార్మసీకి తిరిగి ఇచ్చి ఆ మేరకు డబ్బు తగ్గించుకోవచ్చు. దాన్ని రిటర్న్ బిల్లు అంటారు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి: తేదీ, తెచ్చిన మందు, ఎన్ని, వాడినవి, మిగిలినవి. రోజూ సాయంత్రం మిగిలినవి తిరిగి ఇచ్చేయండి. డిశ్చార్జి రోజున ఒకేసారి ఇస్తే లెక్క తప్పుతుంది, అప్పటికి ఇంటికి వెళ్ళాలన్న తొందర కూడా ఉంటుంది.

ఇంకో పని: రోజూ ఆ రోజు వరకు అయిన బిల్లు ప్రింటు తీసుకోండి. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే ఇస్తారు. అడిగే మనిషి ఉన్నాడని తెలిసిన పేషెంటు బిల్లు కాస్త ఒద్దికగానే నడుస్తుంది.

మందులు మా ఫార్మసీలోనే కొనాలి అంటే ఒప్పుకోనక్కర్లేదు. బయట పది, ఇరవై శాతం తగ్గించి ఇచ్చే మందును లోపల ఎంఆర్‌పీకి ఇస్తారు. ఎక్కడ కొనాలన్నది పేషెంటు ఇష్టమని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. మత్తుమందులూ, థియేటర్ లోపల వాడేవీ బయట తేవడం కుదరదు. రోజూ వేసే యాంటీబయాటిక్, మాత్రలు తేవచ్చు. బిల్లు, బ్యాచ్ నంబరు చూపించండి.

స్టెంట్ వేస్తే దాని కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలి. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి మార్పిడి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. పెట్టె మీద ఉండే స్టిక్కర్ మీ ఫైల్లో అతికించమని అడగండి.

ఐసీయూ గురించి ఒక మాట చెప్పాలి, చెప్పడం కష్టంగానే ఉంది. పెద్ద వయసు మనిషి, కోలుకునే ఆశ లేదని తెలిసీ వెంటిలేటర్ మీద రోజులు గడుస్తుంటాయి. తీసేయమంటే కొడుకు డబ్బు కోసం చూసుకున్నాడని నలుగురూ అంటారేమోనన్న భయం. ఐసీయూలో చేర్చిన రెండో రోజే డాక్టరును పక్కకు పిలిచి సూటిగా అడగండి: మనిషి లేచి ఇంటికొచ్చే అవకాశం ఎంత, ఇంకెన్నాళ్ళు, రోజుకెంత? ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలంటే కేస్ షీట్ కాపీ తీసుకునే హక్కు మీకుంది. ఆ కాగితాలు నిమ్స్‌లోనో, తెలిసిన డాక్టరుకో చూపించి అప్పుడు అన్నదమ్ములంతా కలిసి నిర్ణయం తీసుకోండి.

6. బీమా ఉంటే

పాలసీ ఉంది కాబట్టి ఖర్చు లేదు అనుకోవడం ఒక భ్రమ. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 4 వేలు అనుకుందాం. మీరు 8 వేల గదిలో చేరారు. గది తేడా ఒక్కటే మీరు భరిస్తే చాలనుకుంటారు. కానీ గదితో ముడిపడిన డాక్టరు ఫీజులు, థియేటర్ చార్జీలు 2 లక్షలయితే కంపెనీ అందులోనూ సగమే, అంటే లక్షే ఇస్తుంది. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది. మీ లెక్కలో వాటికి కూడా కోశారేమో చూసుకోండి.

కొత్తగా తీసుకునేవాళ్ళు గది పరిమితి లేని పాలసీ, కో-పే (బిల్లులో కొంత వాటా మీరే కట్టాలన్న షరతు) లేని పాలసీ చూడండి. ప్రీమియం కాస్త ఎక్కువైనా అదే మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు, అంతకుముందు 18 శాతం ఉండేది. ఉన్న జబ్బులు దాచొద్దు. ఏజెంటు షుగరు రాయొద్దులెండి, ప్రీమియం పెరుగుతుంది అంటాడు. క్లెయిమ్ తిప్పికొట్టే రోజున ఆయన ఫోన్ ఎత్తడు. ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం మూడేళ్ళు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024లో తేల్చింది. ఐదేళ్ళు ఆపకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు.

క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) అడిగిన గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో కంపెనీ తేల్చాలి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద తీసుకోండి, పాలసీలో ఏ షరతు కిందో రాయించండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల గడిచినా జవాబు లేకపోతే, జవాబు నచ్చకపోతే, బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి. తెలుగు రాష్ట్రాలు రెండిటికీ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోగా వెళ్ళాలి.

7. డిశ్చార్జి బిల్లు చదవండి

మొత్తం ఒక్క అంకె వేసి ఇచ్చే బిల్లు తీసుకోకండి. ఐటమ్ వారీ బిల్లు అడగండి, అది మీ హక్కు. నోటు పుస్తకం పక్కన పెట్టుకుని నాలుగు చోట్ల చూడండి: ఎన్ని రోజుల గది అద్దె వేశారు (డిశ్చార్జి రోజుకూ పూర్తి అద్దె వేశారేమో), రాని డాక్టరు విజిట్లు ఉన్నాయా, రిటర్న్ ఇచ్చిన మందులు తగ్గించారా, ఒకే పరీక్ష రెండుసార్లు పడిందా.

తేడా కనబడితే అరవకండి. బిల్లింగ్ మేనేజరును అడిగి కూర్చోండి, లైను మీద వేలు పెట్టి చూపించండి. డబ్బు తక్కువ పడితే చివర్లో తగ్గింపు అడగడంలో తప్పు లేదు, చాలా చోట్ల కొంత తగ్గిస్తారు. బిల్లు కట్టలేదని మనిషిని గానీ, చనిపోతే శవాన్ని గానీ ఆపి ఉంచే అధికారం ఆస్పత్రికి లేదు. ఆపితే 112కు ఫోన్ చేయండి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి, అంటే డీఎంహెచ్‌ఓకు, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు తేడాకు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్.

8. అప్పు తప్పకపోతే ఏ వరసలో

వడ్డీకి నూటికి రెండు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది. 3 లక్షలకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అసలు అలాగే ఉంటుంది. మూడు రూపాయలైతే నెలకు 9 వేలు. అదే 3 లక్షలు బ్యాంకులో బంగారం పెట్టి 9, 10 శాతానికి తెస్తే ఏడాదికి 30 వేలలోపే.

కాబట్టి మొదట పీఎఫ్ చూడండి. జబ్బు కారణం చెప్పి అడ్వాన్సు తీసుకోవచ్చు, అది మీ డబ్బే, వడ్డీ లేదు, తిరిగి కట్టక్కర్లేదు. తర్వాత డ్వాక్రా గ్రూపు పొదుపు, స్త్రీనిధి. ఆ తర్వాత బ్యాంకులో బంగారం. బంగారం అమ్మడం కంటే తాకట్టు మేలనుకుంటాం, కానీ విడిపించే దారి కనబడనప్పుడు వడ్డీ కట్టి కట్టి చివరికి వేలంలో పోగొట్టుకోవడం కంటే ఒక గొలుసు ఇప్పుడే అమ్మేయడం నయం. పొలం కాగితాలు చిట్టచివరికి. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో ఇచ్చే లోన్ యాప్‌ల జోలికి అసలే వద్దు. ఆస్పత్రి కౌంటర్‌లోనే ఈఎంఐ ఇప్పిస్తామంటే సంతకం పెట్టేముందు ప్రాసెసింగ్ ఫీజు, మొత్తం కట్టేది ఎంతో అడగండి.

9. ముఖ్యమంత్రి సహాయ నిధి కాగితాలు

పథకంలో లేని చికిత్సకు సొంత డబ్బు పెట్టినవాళ్ళకు కొంత తిరిగి రావచ్చు. చికిత్సకు ముందైతే ఎస్టిమేట్ పెట్టి ఎల్‌ఓసీ, అంటే ఇంత డబ్బు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి రాసిచ్చే పత్రం, అడగాలి. చికిత్స అయిపోయాకైతే బిల్లులు పెట్టి సాయం అడగాలి. రెండిటికీ మామూలు దారి మీ ఎమ్మెల్యే కార్యాలయం. అక్కడ ఈ పని చూసే మనిషి ఒకరుంటారు, ఆయన పేరు ముందే కనుక్కోండి. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ అడుగుతారు. బిల్లుల మీద ఆస్పత్రి ముద్ర, సంతకం లేకపోతే వెనక్కి పంపుతారు, డిశ్చార్జి రోజునే వేయించుకోండి. బీమా కంపెనీ కూడా ఒరిజినల్సే అడుగుతుంది కాబట్టి ఆస్పత్రి ముద్రతో ఇంకో సెట్టు తీసుకోండి. అరవై దాటి బీమా లేని అమ్మానాన్నల వైద్యానికి పెట్టిన ఖర్చును పాత పన్ను విధానంలో 50 వేల దాకా మినహాయింపుగా చూపించుకోవచ్చు, నగదుగా కట్టినది మాత్రం పనికిరాదు.

కట్టినదంతా వస్తుందని అనుకోకండి, అందులో కొంతే వస్తుంది, నెలలు పడుతుంది. పేషెంటు పేరు ఆధార్‌లో, బిల్లులో, బ్యాంకు ఖాతాలో ఒకేలా ఉందో లేదో దరఖాస్తు ఇచ్చేముందే చూసుకోండి. చెక్కు వచ్చినా పేరులో ఒక్క అక్షరం తేడా ఉంటే బ్యాంకు జమ చేయదు. చెక్కు చెల్లేది దాని మీదున్న తేదీ నుంచి మూడు నెలలే, చేతికి అందిన మర్నాడే బ్యాంకులో వేసేయండి.